కాటా గదిలో ప్రోగ్రాము నడుస్తోందా?

పలాసలో జీడి పిక్కల వ్యాపారం చేసే మా బావగారి గోదాము వాకిట్లో ఒక లారీ కాటా ఉంది. లారీ దాని మీదికి ఎక్కి ఆగగానే ఇండికేటరు అనే చిన్న పెట్టె మీద బరువు ఎర్రటి అంకెలలో కనిపిస్తుంది. ఆ పెట్టె నుంచి ఒక కేబులు పక్క గదిలోని కంప్యూటరుకు వెళుతుంది. అక్కడ నేను రాసిన ఒక ప్రోగ్రాము ఆ అంకెలను చదివి, నిండు బండి బరువులోంచి ఖాళీ బండి బరువును తీసివేసి, బస్తా 80 కిలోల లెక్కన ఎన్ని బస్తాల సరుకు దిగిందో చీటీ మీద అచ్చు వేస్తుంది.

నేను ఉండేది విజయనగరంలో. ప్రోగ్రాము ఆగిపోయినప్పుడల్లా కాటా గుమస్తాగారు నాకు ఫోను చేయడం, నేను ఆయనకు ఒక్కొక్క నొక్కుడూ చెప్పి దాన్ని మళ్లీ తెరిపించడం మొదట్లో రివాజుగా ఉండేది. సీజనులో లారీలు వరుస కట్టినప్పుడు ఈ పద్ధతి గుమస్తాగారికీ, డ్రైవర్లకూ, నాకూ కూడా నచ్చేది కాదు. అందుకని, ప్రోగ్రాము నడుస్తోందో లేదో 5 నిమిషాలకొకసారి చూసుకుని, నడవకపోతే దాన్ని తిరిగి తెరిచే చిన్న స్క్రిప్టు ఒకటి రాద్దామనుకున్నాను. పది వరుసల పనే కదా అని, పలాస వెళ్లే రైల్లో చీపురుపల్లి దాటాక మొదలుపెట్టి పొందూరు రాకముందే ముగించాను కూడా. ఆ పది వరుసలను తిరిగి తిరిగి రాయడానికి పట్టిన కాలంలో, నేను అడుగుతున్నాననుకున్న ప్రశ్న ఒకటి, కంప్యూటరు జవాబు చెబుతున్న ప్రశ్న మరొకటి అని మెల్లమెల్లగా అర్థమైంది.

కాటా గదిలోది విండోస్ 7 కంప్యూటరు. నడుస్తున్న ప్రోగ్రాముల జాబితాను ఇచ్చే టాస్క్‌లిస్ట్ అనే ఆదేశం విండోస్‌లో ఉంది. దానికి ఫలానా పేరు గలదాన్నే చూపు అని ఒక వడపోతను కూడా ఇవ్వవచ్చు. ఏ ఆదేశమైనా పని ముగించి వెళ్లిపోతూ ఒక అంకెను వదిలి వెళుతుంది. సున్నా అయితే పని సవ్యంగా జరిగినట్టు, మరొకటి అయితే ఏదో లోపం ఉన్నట్టు. విండోస్ లాంటిదే మరో ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లైనక్స్‌లో పీగ్రెప్ అనే ఆదేశం, తాను వెతికిన పేరు దొరికితే సున్నాను, దొరకకపోతే ఒకటిని వదులుతుంది. టాస్క్‌లిస్ట్ కూడా అలాగే చేస్తుందని నేను ఊహించుకున్నాను. అది అలా చేయదు. వెతికిన పేరు దొరకకపోతే, అలాంటివేవీ నడవడం లేదని తెర మీద ఒక వాక్యం రాసి, తన మట్టుకు తన పని సవ్యంగానే ముగిసింది కనుక సున్నానే వదిలి వెళ్లిపోతుంది. ఫలితంగా నా మొదటి స్క్రిప్టు దృష్టిలో కాటా ప్రోగ్రాము ఎప్పుడూ నడుస్తూనే ఉండేది, అది రెండు రోజుల క్రితం ఆగిపోయి ఉన్నా సరే.

దీనికి విరుగుడు అందరికీ తెలిసిందే. టాస్క్‌లిస్ట్ రాసిన దాన్ని ఫైండ్ అనే మరో ఆదేశానికి అందించి, అందులో ప్రోగ్రాము పేరు కనబడిందో లేదో ఫైండ్ వదిలే అంకెను బట్టి తేల్చుకోవాలి. నేనూ అలాగే మార్చి, నోట్‌ప్యాడ్ మీద పరీక్షించి, తృప్తిగా రాత్రి రైలెక్కి ఇంటికి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్న 7 గంటలకు గుమస్తాగారి ఫోను. "బాబూ, తెర నిండా పెట్టి మీద పెట్టె, పెట్టి మీద పెట్టె, ఒకటే పెట్టెలొచ్చీసినాయి. కింద ఏటుందో అగుపడ్డం నేదు." ఒక్కో పెట్టెలో ఏమి రాసి ఉందని అడిగితే, పోర్టు తెరవలేకపోతున్నాను అని ఉందని కూడబలుక్కుని చదివి చెప్పారు. ఆ సందేశం నేను రాసిందే. రాత్రి 9 గంటల నుంచి 5 నిమిషాలకొకటి చొప్పున లెక్కవేస్తే, తెల్లారేసరికి సుమారు 120 కాటా ప్రోగ్రాములు ఆ ఒక్క కంప్యూటరులో తెరుచుకుని ఉన్నాయన్నమాట. ఇండికేటరు కేబులు వచ్చి చేరే సీరియల్ పోర్టును ఒకసారికి ఒక్క ప్రోగ్రామే పట్టుకోగలదు కనుక, మొదటిది దాన్ని పట్టుకుని హాయిగా నడుస్తుండగా, మిగిలినవన్నీ దాని మీద ఒకదాని వెనుక ఒకటి ఫిర్యాదు పెట్టెలు పేర్చుకుంటూ పోయాయి.

కారణం కనిపెట్టడానికి నాకు ఒక ఆదివారం పట్టింది. టాస్క్‌లిస్ట్ తన జాబితాను మామూలుగా వరుసలూ గడులూ ఉన్న పట్టికగా రాస్తుంది. ఆ పట్టికలో పేరు గడి వెడల్పు 25 అక్షరాలే. ప్రోగ్రాము ఫైలుకు నేను గోదాము పేరూ, కాటా పేరూ, వెర్షను సంఖ్యా అన్నీ కలిపి, పెళ్లి శుభలేఖ మీద ఇంటిపేర్లు రాసినంత పొడవున పేరు పెట్టుకున్నాను. వడపోత పూర్తి పేరుతోనే పోల్చుకుని ప్రోగ్రామును సరిగ్గానే పట్టుకునేది. కానీ పట్టికలో రాసేటప్పుడు పేరు తోకను కత్తిరించి రాసేది. ఫైండ్ ఆ తోక కోసం వెతికి, లేదు అనేది. ప్రోగ్రాము నడుస్తోందని తెలిసిన ఆదేశమూ, నడవడం లేదని చెప్పిన ఆదేశమూ ఒకే వరుసలో పక్కపక్కన కూర్చుని ఉన్నాయి. జాబితాను పట్టికగా కాక, కామాలతో వేరు చేసిన సీఎస్‌వీ రూపంలో ఇమ్మంటే పేరు పూర్తిగా వస్తుంది. నోట్‌ప్యాడ్ పేరు పొట్టిది కనుక నా పరీక్షలో ఈ లోపం బయటపడే అవకాశమే లేకపోయింది.

లైనక్స్ వాళ్లు ఇది విని నవ్వుకోనక్కరలేదు. అక్కడ కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డు, ఒక్కో ప్రాసెస్‌కు (నడుస్తున్న ఒక్కో ప్రోగ్రాముకు) దాచుకునే పేరు 15 అక్షరాలకే పరిమితం. పీగ్రెప్‌కు అంతకంటే పొడవైన పేరు ఇస్తే, ఎదురుగా నడుస్తున్న ప్రోగ్రాము కూడా దానికి కనబడదు.

గోదాము ఆఫీసు గదిలో లైనక్స్ వేసిన పాత కంప్యూటరు ఒకటి ఉంది. కాటా గదిలో తయారైన చీటీల లెక్కను అది పైథాన్ భాషలో రాసిన ఒక ప్రోగ్రాము ద్వారా తెచ్చుకుని దాచుతుంది. దీనికి కూడా ఒక కాపలా స్క్రిప్టు రాయవలసి వచ్చినప్పుడు మరో రకం చిక్కు ఎదురైంది. పైథాన్ ప్రోగ్రాములన్నీ ప్రాసెస్ జాబితాలో పైథాన్ అనే పేరుతోనే కనిపిస్తాయి. జావా ప్రోగ్రాములదీ అదే తీరు. ఏది ఎవరిదో తెలియాలంటే పేరును కాక, దాన్ని తెరిచినప్పుడు ఇచ్చిన పూర్తి ఆదేశ వాక్యాన్ని చూడాలి. పీగ్రెప్‌కు ఎఫ్ అనే స్విచ్ ఇస్తే ఆ పని చేస్తుంది. విండోస్‌లో అయితే పవర్‌షెల్ అనే ఆదేశాల పనిముట్టు నుంచి విన్32 ప్రాసెస్ అనే తరగతిని అడిగితే ఆదేశ వాక్యం దొరుకుతుంది. దీనికి పూర్వం అందరూ వాడిన డబ్ల్యూఎంఐసీ అనే పనిముట్టును మైక్రోసాఫ్ట్ ఇప్పుడు పక్కన పెట్టేసింది.

పూర్తి వాక్యంలో వెతకడం మొదలుపెట్టగానే వెతికేవాడు తననే తాను పట్టుకోవడం మొదలవుతుంది. నడుస్తున్నవాటిని చూపే పీఎస్ ఆదేశం ఇచ్చిన జాబితాను, మాటలు వెతికే గ్రెప్ ఆదేశానికి అందించి వెతికితే, ఆ గ్రెప్ ఆదేశ వాక్యంలో కూడా మనం వెతికే పేరు ఉంటుంది కనుక, ఏమీ నడవకపోయినా కనీసం ఒక్క వరుసైనా దొరుకుతుంది. పేరులోని మొదటి అక్షరాన్ని చదరపు బ్రాకెట్లలో పెట్టి దీన్ని తప్పించుకునే పాత చిట్కా ఒకటి ఉంది: అర్థంలో ఆ పేరుకు సరిపోతుంది గానీ, అక్షరాలలో గ్రెప్ సొంత వాక్యానికి సరిపోదు. పీగ్రెప్ తనను తాను వదిలేసే మర్యాద పాటిస్తుంది. అయితే తనను పిలిచిన స్క్రిప్టును మాత్రం అది వదలదు. ప్రోగ్రాము పేరు కాటా అనుకుంటే, దానికి కాపలా కాసే స్క్రిప్టుకు నేను కాటాచూడు వంటి పేరు పెట్టుకున్నాను. ఇక కాపలావాడు తన నీడను తానే చూసుకుని, దొంగ రాలేదు, యజమాని ఇంట్లోనే ఉన్నాడు అని చెబుతూ వచ్చాడు. ఇంకోసారి, ఆ పైథాన్ ఫైలునే నేను ఎడిటరులో తెరిచి పెట్టుకుని ప్రోగ్రామును ఆపి చూస్తే, స్క్రిప్టు ఎడిటరును చూసి అంతా బాగానే ఉందన్నది. పేరును బట్టి మనిషిని పోల్చుకోవడం మా జిల్లాల్లో ఎంత కష్టమో, ఒక్క ఊళ్లో ఎంతమంది అప్పన్నలూ, అప్పారావులూ ఉంటారో తెలిసినవాడిని, నేను ఈ మాత్రం ముందే ఊహించి ఉండవలసింది.

పేర్లతో విసిగిపోయి సంఖ్యల వైపు వెళ్లాను. ప్రతి ప్రాసెస్‌కూ ఒక సంఖ్య ఉంటుంది. ప్రోగ్రాము మొదలవగానే తన సంఖ్యను ఒక ఫైలులో రాసి పెడుతుంది. స్క్రిప్టు ఆ సంఖ్యను చదివి, ఆ సంఖ్య గలవాడు ఉన్నాడా అని కెర్నెల్‌ను అడుగుతుంది. అడగడానికి కిల్ అనే ఆదేశానికి సున్నాను సంకేతంగా ఇస్తే చాలు. పేరు భయపెట్టేలా ఉన్నా, సున్నా సంకేతం ఎవరినీ చంపదు, ఉన్నాడా లేడా అని మాత్రమే చూసి వస్తుంది. ఆ ప్రాసెస్ వేరొక యూజర్ది అయితే అనుమతి లేదన్న జవాబు వస్తుంది. దాన్ని కూడా వైఫల్యంగానే లెక్కవేస్తే, బతికున్నవాడిని పోయినవాడిగా రాసుకున్నట్టవుతుంది. ఇలా తెలిసీ తెలియక నడిపిన ఈ ఏర్పాటు, 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను వచ్చే దాకా ఏ గొడవా లేకుండానే పనిచేసింది.

తిత్లీ తీరం దాటింది ఆ చుట్టుపక్కలే. జీడి తోటలూ, కొబ్బరి తోటలూ నేలకొరిగిన ఆ రోజుల్లో కంప్యూటరు గురించి ఆలోచించినవాడు ఎవడూ లేడు. ఉద్దానం వైపు కరెంటు స్తంభాలు కూలిపోయి చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. కరెంటు వచ్చి, గోదాము కడిగి, ఆఫీసు గదిలో కంప్యూటరును వేసిన రోజున నేను విజయనగరం నుంచి అడిగితే, స్క్రిప్టు ప్రోగ్రాము నడుస్తోందని జవాబిచ్చింది. చీటీలు మాత్రం ఒక్కటీ చేరడం లేదు. కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు ప్రోగ్రాముకు తన సంఖ్య ఫైలును చెరిపే అవకాశం దొరకలేదు. అది డిస్కు మీద అలాగే మిగిలింది. కంప్యూటరు తిరిగి లేచినప్పుడు సంఖ్యలు మళ్లీ మొదటి నుంచి పంచడం మొదలవుతుంది కనుక, మా ప్రోగ్రాముకు పూర్వం దక్కిన చిన్న సంఖ్య ఈసారి ప్రింటరు పనులు చూసే మరో ప్రాసెస్‌కు దక్కింది. స్క్రిప్టు ఆ సంఖ్య గలవాడిని చూసి సలాము చేసి వచ్చేసింది.

ఈ ఫైలును డిస్కు మీద కాక, కంప్యూటరు ఆగగానే తుడిచిపెట్టుకుపోయే రన్ అనే డైరెక్టరీలో పెట్టడం ఒక మార్గం. సంఖ్యను పట్టుకుని, నడుస్తున్న ప్రాసెస్‌ల వివరాలు ఉండే ప్రాక్ డైరెక్టరీలోకి వెళ్లి, ఆ సంఖ్య వెనుక ఉన్న ఆదేశ వాక్యం మనదేనా అని సరిచూసుకోవడం మరొకటి. నాకు అన్నిటికంటే నచ్చింది తాళం. ప్రోగ్రాము మొదలవగానే ఫ్లాక్ అనే సదుపాయం ద్వారా ఒక ఫైలు మీద తాళం వేసి ఉంచుతుంది. తాళం ఎవరి చేతిలో ఉందో కెర్నెల్‌కు తెలుసు. ఆ ప్రాసెస్ ఏ విధంగా చచ్చినా, కరెంటు పోయినా, తాళం దానంతటదే ఊడిపోతుంది. స్క్రిప్టు చేయవలసిందల్లా తానూ ఆ తాళం వేయడానికి ప్రయత్నించడమే. పడితే ప్రోగ్రాము లేదు; పడకపోతే ఉంది. ఇందులో పేరు లేదు, సంఖ్య లేదు, తుడవవలసిన పాత ఫైలు లేదు. పైగా, రెండో ప్రోగ్రామును పొరపాటున తెరిచినా అది తాళం పడక వెంటనే వెనక్కి వెళ్లిపోతుంది. 120 పెట్టెల రాత్రి మళ్లీ రాదు. విండోస్‌లో ఈ పనికి మ్యూటెక్స్ అనే తాళాన్ని, దానికో పేరు పెట్టి, వాడతారు. అదీ ప్రాసెస్ పోయినప్పుడే పోతుంది.

ఇంతవరకు చెప్పినవన్నీ ఒక్కటే తేలుస్తాయి: ఫలానా ప్రాసెస్ ఉందా, లేదా. నా కష్టాలలో అసలైనది మొదలైంది ఆ జవాబు నిక్కచ్చిగా రావడం మొదలైన తరువాతే. సీజను నడిమధ్యలో ఒక మధ్యాహ్నం గుమస్తాగారు ఫోను చేసి, "బాబూ, పోగ్రాం ఎలుగుతూనే ఉంది గానీ బరువు మారడం నేదు. పొద్దుటి బండి బరువే ఈ బండికీ సూపిత్తంది" అన్నారు. అప్పటికి ఆయన ఇండికేటరు మీద అంకెలు చూసి పెన్నుతో 4 చీటీలు రాసేశారు. నా స్క్రిప్టు మాత్రం పొద్దుటి నుంచీ ప్రతి 5 నిమిషాలకూ, నడుస్తోంది, నడుస్తోంది, అని లాగ్‌లో రాసుకుంటూ కూర్చుంది. అది అబద్ధం కాదు. యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే కన్వర్టరు కేబులు లారీల అదురుకు వదులై ఊడింది; ప్రోగ్రాము రాని అంకెల కోసం తలుపు దగ్గర నిలబడి ఎదురుచూస్తోంది. ఎదురుచూసే ప్రాసెస్ కూడా ప్రాసెస్సే.

విండోస్ ఒక ప్రోగ్రామును స్పందించడం లేదు అని గుర్తించగలదు కదా అని ఎవరైనా అడగవచ్చు. అది చూసేది ప్రోగ్రాము తెర మీద తెరిచే కిటికీని మాత్రమే: మౌసు, కీబోర్డు సందేశాలకు కిటికీ కొన్ని సెకన్లు బదులివ్వకపోతే ఆ ముద్ర వేస్తుంది. నా ప్రోగ్రాములో బరువు చదివే పని వేరే థ్రెడ్‌లో, అంటే అదే ప్రోగ్రాములో విడిగా నడిచే పాయలో, ఉంది కనుక కిటికీ చక్కగా కదులుతూ, బటన్లు నొక్కించుకుంటూ, పొద్దుటి బరువునే ప్రదర్శిస్తూ ఉంది. కిటికీ లేని ప్రోగ్రాముల విషయంలో టాస్క్‌లిస్ట్ స్థితి గడిలో తెలియదు అనే రాస్తుంది.

కాబట్టి ప్రోగ్రాము ఉనికిని కాక, అది చేసిన పని తాలూకు జాడను చూడాలని నిశ్చయించుకున్నాను. ప్రోగ్రాము అప్పుడప్పుడూ ఒక చిన్న ఫైలులో ఆ క్షణపు సమయాన్ని రాస్తుంది. స్క్రిప్టు ఆ ఫైలు వయసు చూస్తుంది. వయసు 2 నిమిషాలు దాటితే ఏదో తేడా ఉన్నట్టు. దీన్ని గుండె చప్పుడు అంటారు. దాన్ని అమర్చడంలో కూడా నేను ఒక తెలివితక్కువ పని చేశాను. ప్రతి 30 సెకన్లకూ సమయం రాసే పనిని శుభ్రంగా ఉంటుందని ఒక ప్రత్యేక థ్రెడ్‌కు అప్పగించాను. మళ్లీ కేబులు ఊడింది. బరువు చదివే థ్రెడ్ ఆగిపోయింది. సమయం రాసే థ్రెడ్‌కు దానితో సంబంధమేమీ లేదు కనుక అది నిశ్చింతగా రాస్తూనే పోయింది. గుండె ఒక ఒంట్లోదీ, చప్పుడు మరో ఒంట్లోదీ అయింది.

చివరికి ఆ రాతను, ఇండికేటరు నుంచి వచ్చిన అంకెలను చదివి, అవి సరైన బరువేనని పోల్చుకున్న వరుసకు వెంటనే కిందికి తెచ్చి పెట్టాను. ఇక్కడ మా కాటా స్వభావం కలిసివచ్చింది. మా ఇండికేటరును ఎడతెగకుండా పంపే విధంగా అమర్చి ఉంచాము కనుక, కాటా మీద లారీ లేకపోయినా అది సెకనుకు కొన్నిసార్లు సున్నాను పంపుతూనే ఉంటుంది. అందువల్ల లారీలు రాని రాత్రి వేళ కూడా ఫైలు తాజాగానే ఉంటుంది. ఫైలు పాతబడిందంటే పని లేకపోవడం కాదు, పని జరగకపోవడమే. ఆఫీసు గది ప్రోగ్రాముకు ఈ వెసులుబాటు లేదు. చీటీ వస్తేనే దానికి పని. అందుకని గంటకొకసారి అది కాటా గది కంప్యూటరును, కొత్త చీటీలేమైనా ఉన్నాయా అని తానుగా అడిగి, లేవు అన్న జవాబును కూడా జరిగిన పనిగానే రాసుకునేలా చేశాను.

ఇప్పుడు లైనక్స్ వైపు నా సొంత స్క్రిప్టు లేదు. ప్రోగ్రాములను లేపి కనిపెట్టుకుని ఉండే సిస్టమ్‌డీకి ఆ బాధ్యత ఇచ్చేశాను. ప్రోగ్రాము తానే పెంచిన బిడ్డ కనుక, అది పోయిన క్షణమే సిస్టమ్‌డీకి తెలుస్తుంది, జాబితాలు వెతకనక్కరలేదు. వాచ్‌డాగ్ గడువు పెట్టి, ఆ గడువులోగా ప్రోగ్రాము తానుగా కబురు పంపకపోతే దాన్ని చంపి తిరిగి లేపమని కూడా చెప్పవచ్చు. మామూలు అమరికలో 10 సెకన్లలో 5 సార్లకు మించి లేపవలసి వస్తే ఇక ప్రయత్నం మానుకుంటుంది. ఈ చివరి నియమం నాకు ఎంతో నచ్చింది. ఊడిన కేబులుకు ప్రోగ్రామును ఎన్నిసార్లు లేపినా ప్రయోజనం ఉండదు, మనిషిని లేపాలి. విండోస్ వైపు, వేళకు ప్రోగ్రాములను తెరిచే టాస్క్ షెడ్యూలరే ఉంది. దాని విషయంలో ఒక్క జాగ్రత్త చెప్పాలి: యూజర్ లాగిన్ అయినా కాకపోయినా నడుపు అన్న ఎంపికను పెడితే, విస్టా వెర్షను నుంచి ఇటువైపు విండోస్‌లో ఆ ప్రోగ్రాము ఎవరికీ కనబడని సున్నా సెషనులో తెరుచుకుంటుంది. జాబితాలో ఉంటుంది, పోర్టును పట్టుకుంటుంది, గుమస్తాగారి తెర మీద మాత్రం ఉండదు. ఆయన రెండోసారి తెరవబోతే పోర్టు దొరకదు.

నాకు రోజూ సాయంత్రం వచ్చే సందేశంలో కూడా నడుస్తోంది అన్న మాట తీసివేశాను. చివరి బరువు చదివిన సమయం ఫలానా అని మాత్రమే వస్తుంది. బావగారు మొదట్లో, "నడుస్తున్నట్టా, లేనట్టా? అది చెప్పవోయ్" అని విసుక్కునేవారు; ఇప్పుడు ఆయనే ఫోను చేసి, 6:10కి చదివిందిట, మరి ఇప్పుడు 6:40 అయింది కదా అని నన్ను నిలదీస్తున్నారు.

పోయిన వానాకాలంలో మాత్రం ఈ ఏర్పాటు కూడా ఒకసారి పప్పులో కాలేసింది. గోదాములో రెండు రోజులు కరెంటు లేదు. వచ్చాక కంప్యూటరు లేచింది, ప్రోగ్రాము లేవలేదు, స్క్రిప్టు అంతా బాగుందన్నది. వెళ్లి చూస్తే, మదర్‌బోర్డు మీద గడియారాన్ని నడిపే బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. కరెంటు పోగానే కంప్యూటరు కొన్నేళ్లు వెనక్కి వెళ్లి కూర్చుంది. పాత ఫైలు మీద ఉన్న సమయం దాని లెక్కలో భవిష్యత్తులోది. ఇప్పటి సమయంలోంచి దాన్ని తీసివేస్తే వయసు సున్నా కంటే తక్కువ వచ్చింది, సున్నా కంటే తక్కువైనది 2 నిమిషాల కంటే తక్కువే కనుక స్క్రిప్టుకు అనుమానం రాలేదు. వయసు రుణసంఖ్య అయితే దాన్ని కూడా తేడాగానే చూడమని ఒక వరుస చేర్చి, కాశీబుగ్గ బజారులో సీఆర్2032 బ్యాటరీ రెండు కొని, ఒకటి దానికి వేసి, రెండోది గుమస్తాగారి సొరుగులో పెట్టి వచ్చాను.